ప్రజారోగ్య విద్యార్థి ధర్మము

వైద్యుడెవ్వడని యడిగినచో పసివాడును బదులు చెప్పగలడు. నాడి చూచి మందిచ్చువాడు వైద్యుడు. ప్రజారోగ్యశాస్త్రము నభ్యసించువాడెవ్వడని యడిగినచో పెద్దలు సైతము తడుముకొందురు. వాని చేత మందుసంచి లేదు. వాని యెదుట రోగి లేడు. ఊరంతయు వానికి రోగియే. ఎవరికిని రోగము రాకుండుటయే వాని విజయము. రాని రోగమునకు కృతజ్ఞత చెప్పువారెవరు? ఇట్టి విద్యార్థికి మహామారి ప్రబలిన కాలమున తానెవ్వడనను ప్రశ్న వట్టి వేదాంతవిచారము గాదు. రేపు తానేమి చేయవలెనను ప్రశ్నయే యగును.

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీన దేశమంతట రాకపోకలు నిలిచినవి. కోవిడు వీధిలో నుండగా, అంటువ్యాధులను గూర్చిన పాఠములను విద్యార్థులు ఇంట గూర్చుండి తెరలపై వినవలసివచ్చెను. పట్టా రానివానికి బాధ్యత యెక్కడిదని యొక పక్షము. ఆపదలో కదలనివానికి పట్టా యేల యని మఱియొక పక్షము.

రెండవ పక్షమునకు చరిత్ర కొంత బలమిచ్చుచున్నది. 1952లో కోపెన్‌హేగన్ నగరమున పోలియో చెలరేగెను. మొదటి మూడు వారములలో శ్వాసయంత్రములతో చికిత్స చేయబడిన 31 మందిలో 27 మంది మరణించిరి. అంతట రోగి గొంతున గొట్టమమర్చి, రబ్బరుసంచిని చేతితో నొక్కి గాలి నెక్కించు పద్ధతి నవలంబించిరి. సుమారు 1,500 మంది వైద్యవిద్యార్థులు వంతులు వేసికొని రేయింబవళ్లు ఆ సంచులను నొక్కిరి. మరణములు మిక్కిలి తగ్గినవి. పట్టా లేని చేతులే ప్రాణములు నిలిపినవి.

అయినను ఈ దృష్టాంతము మనకు పూర్తిగా సరిపోదు. అచ్చటి విద్యార్థి యెదుట రోగి కలడు. ప్రజారోగ్య విద్యార్థి పని యో, ఇంటింటికి బోయి, "మీరు ఎవరెవరిని గలిసితిరి?" అని యడుగుట. ఇది చిన్న ప్రశ్న కాదు. బదులు చెప్పువాడు తన బంధుమిత్రుల పేళ్లను, ఒక్కొక్కప్పుడు ఇంటివారికిని చెప్పని రహస్యమును, పరాయివాని చేత బెట్టుచున్నాడు. నమ్మకము లేనిచో బొంకును; బొంకినచో రోగము ముందుకు సాగును.

1897లో పూనా నగరమున ప్లేగు ప్రబలినప్పుడు సైనికులు ఇండ్లు సోదా చేసిరి. జనులు రోగులను దాచిరి. ప్లేగు అధికారియగు రాండు జూన్ 22న తుపాకిదెబ్బ తిని, తరువాత మరణించెను. ఆ యేడే, ఆ యూరి చెంతనే, సావిత్రీబాయి ఫూలే ప్లేగు రోగులకు శుశ్రూష చేసి, తానును ఆ రోగము సోకి మార్చి 10న కన్నుమూసెను. ఒకరికి అధికారముండెను, ఒకరియందు జనులకు నమ్మకముండెను. ఈ వృత్తికి రెండవదియే ప్రాణమని మా యభిప్రాయము. 2020లో కోవిడు రోగుల ఇండ్ల వాకిళ్లకు ప్రకటనలంటించిరి. అధికారి ప్రత్యేకముగా నాజ్ఞాపించిననే తప్ప అట్లు చేయరాదని ఆ డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పవలసివచ్చెను. శతాబ్దము గడచినను పాఠము పాతబడలేదు.

అట్లని సేవ పేరిట విద్యార్థిని వట్టిచేతులతో పంపుట ధర్మమా? కాదు. ఆరోగ్యసేవకులపై దాడులను అణచుటకై 1897 నాటి అంటువ్యాధుల చట్టమునే 2020 ఏప్రిల్ 22న సవరించిరి. మాస్కు, శిక్షణము, భృతి, రోగము సోకినచో చికిత్స, వీనిని సమకూర్పక త్యాగమును బోధించు పెద్దలు ధర్మము చెప్పుట లేదు, ఖర్చు తప్పించుకొనుచున్నారు. ఇంట ముసలితల్లి గలదని వీధిలోనికి రాలేనివాడు పిఱికివాడు గాడు. లెక్కలు సరిచూచుటకును, రోగుల క్షేమము ఫోనులో విచారించుటకును, వదంతులను ఖండించుటకును ఇంట నుండియు వీలు కలదు. సాధ్యమైన పనిని సైతము తనది కాదనుటయే తప్పు.

పట్టా వృత్తికి వాకిలి మాత్రమే, ఇల్లు గాదు. "నాయనా, నీవు డాక్టరువా?" అని యొక వృద్ధురాలడిగినప్పుడు, "కాదమ్మా. మీరు చెప్పినది చెప్పవలసిన చోట దప్ప నా నోట దాటదు" అని చెప్పి, ఆ మాట నిలుపుకొన్న విద్యార్థి తానెవ్వడో యెఱిగినవాడే.