త్రాసును తూచే త్రాసు

వస్తువులను ప్రమాణాలు, అంటే జ్ఞానసాధనాలు, నిరూపిస్తాయి సరే, ప్రమాణాలను ఏది నిరూపిస్తుంది? శాతవాహనులతో, కృష్ణాతీరపు శ్రీపర్వతంతో సంప్రదాయం ముడిపెట్టే బౌద్ధ దార్శనికుడు నాగార్జునుడు విగ్రహవ్యావర్తని అనే గ్రంథంలో న్యాయదర్శనం వారైన నైయాయికులను నిలదీసిన ప్రశ్న ఇది. ఇంకో ప్రమాణం కావాలంటే ఆ వరుసకు అంతుండదు. వాటికవే సిద్ధిస్తాయంటే, ఆ మినహాయింపు వాటికే ఎందుకో చెప్పాలి. ఈ ప్రశ్న ఇప్పుడు బెజవాడ ఇళ్లలో ఫోను తెర మీదికొచ్చింది. 100 ఎంబీపీఎస్‌కు డబ్బు కట్టిన ఇంట్లో ఒక స్పీడ్ టెస్ట్ 95 అనొచ్చు, ఇంకొకటి 40 అనొచ్చు. రెండూ నిజమే కావచ్చునని నా వాదన. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా కొలిచిందో మనకు తెలియనిచ్చే సాధనమే నమ్మదగింది.

డెల్టా రైతుకు ఈ సంగతి కొత్త కాదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర బందరు కాలువకు వదిలిన క్యూసెక్కులు ఒక లెక్క, శివారు పొలంలో మడి తడవడం ఇంకో లెక్క. మొదటిది అబద్ధం కాదు, శివారు ఊసు అందులో లేదంతే. ఊక్లా వారి స్పీడ్‌టెస్ట్ మామూలుగా దగ్గరి సర్వర్‌ను ఎంచుకుని, ఒకేసారి అనేక కనెక్షన్లు తెరుస్తుంది. ఆ సర్వర్ చాలాసార్లు ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. అది కాలువ తలదగ్గరి కొలత. నెట్‌ఫ్లిక్స్ 2016లో తెచ్చిన ఫాస్ట్ డాట్ కామ్ తన వీడియోలు పంపే సర్వర్ల నుంచే కొలుస్తుంది. ఎం-ల్యాబ్ వారి ఎన్‌డీటీ ఒక్క కనెక్షన్‌తో, సంస్థ నెట్‌వర్క్‌కు బయటి సర్వర్ దాకా వెళ్లి కొలుస్తుంది, ఆ ఫలితాలను అందరికీ తెరిచి ఉంచుతుంది. శివారు సంగతి అడగాలంటే నేను దాన్నే ముందు నమ్ముతాను. అయితే రౌటర్‌కు రెండు గోడల అవతల వైఫై మీద నడిపితే ఏ పరీక్షైనా గోడలనే కొలుస్తుంది. ల్యాన్ కేబుల్ తగిలించాకే మిగతా మాట.

ఇంత తతంగం ఎందుకు, వీడియో ఆగకుండా ఆడితే చాలదా అంటారు. ఇది తేలిగ్గా తీసిపారేసే అభ్యంతరం కాదు. జ్ఞానం సరైనదో కాదో దాన్ని నమ్మి చేసిన పని ఫలించడంలో తెలుస్తుందని నైయాయికుడైన వాత్స్యాయనుడే న్యాయభాష్యం మొదట్లో అన్నాడు. కానీ పని ఫలించనప్పుడు ఆ ప్రమాణం మూగబోతుంది. దాహం తీరలేదని చెబుతుంది, గండి ఎక్కడ పడిందో చెప్పలేదు. పిల్లల ఆన్‌లైన్ క్లాసు తెగిపోతుంటే తప్పు రౌటర్‌దా, వీధిలోని తీగదా, దూరపు సర్వర్‌దా? డౌన్‌లోడ్ అంకె ఘనంగా ఉన్నా, లైను నిండినప్పుడు జాప్యం పెరిగి మాట తెగిపోవచ్చు.

కొలిచేవారందరికీ ఏదో స్వార్థం ఉందిగా అన్నది ఇంకా లోతైన అభ్యంతరం. ఉంది. ప్రభుత్వానిదైతే సరిపోతుందా? టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి మైస్పీడ్ యాప్ ఉంది, ఏపీ ఫైబర్‌నెట్ రాష్ట్ర ప్రభుత్వ సంస్థే. యాజమాన్యం ప్రమాణం కాదు గనుక ఆ తీగనూ బయటి నుంచి కొలవాల్సిందే. న్యాయసూత్రాలు నాగార్జునుడి తరహా ప్రశ్నకు త్రాసును ఉదాహరణగా చూపాయి: బంగారాన్ని తూచే త్రాసు మీద అనుమానమొస్తే, బరువు తెలిసిన బంగారంతో ఆ త్రాసునే పరీక్షిస్తాం. ఒకదాన్నొకటి ఆనుకున్నవి దేన్ని నిలబెడతాయని నాగార్జునుడు మళ్లీ అడుగుతాడు. ఆనుకునేవాటి ప్రయోజనాలు వేరైతే నిలబడతాయనే నా నమ్మకం. ఒకే సంస్థ సర్వర్ మీద మూడు పరీక్షలు ఏకమైతే అది ఒకే సాక్షి మూడుసార్లు చెప్పిన మాట. వేర్వేరు యజమానుల పరీక్షలు రెండింటిని, ఒకటి ఇంటర్నెట్ సంస్థ లోపలి సర్వర్‌తో, ఇంకొకటి బయటి సర్వర్‌తో, ఒకే కేబుల్ మీద తెల్లవారుజామున, మళ్లీ రాత్రి తొమ్మిదింటికి, కొన్ని రోజులపాటు నడిపి చూడాలి. రాత్రి రెండూ కలిసి పడిపోతే మన వీధి లైన్లో రద్దీని అనుమానించాలి, బయటిది ఒక్కటే పడిపోతే సంస్థ బయటికి వెళ్లే దారిని, కేబుల్ మీద రెండూ బాగుండి వైఫైలో మాత్రమే పడిపోతే ఇంటి గోడను.