వేరే గరిటె వెలి కాదు



విహారంలో అందరం కలిసి తినేటప్పుడు ఎవరైనా "నాకు ఉప్మా వద్దు, కూర వేరే గరిటెతో వేయండి" అంటే మనసు చివుక్కుమంటుంది. హోటళ్లలో వేరే గ్లాసు చూసినవాళ్లం మనం. ఆ గాయం ఇంకా మానలేదు.

అయినా కోపం కంటే ముందు కారణం అడగండి. కారణం లేకుండా ఏదీ పుట్టదనే కదా బుద్ధుడు చెప్పింది. ఆ మనిషికి సీలియాక్ జబ్బు ఉండొచ్చు. గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ లోపలికెళ్తే వాళ్ల ఒంటి రక్షణ శక్తే తిరగబడి చిన్నపేగు పొరను దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటికి పట్టదు. నయం చేసే మందు లేదు, బతికినంతకాలం గ్లూటెన్ మానడమే వైద్యం. మైదా, బొంబాయి రవ్వ గోధుమవే. చాలా రకాల ఇంగువలోనూ గోధుమపిండి కలుస్తుంది. పూరీలు కాల్చిన నూనెలో అప్పడాలు వేయించినా ముప్పే.

ఎందుకు తింటున్నామో ఎరిగి తినమని బుద్ధుడు భిక్షువులకు నేర్పాడు. వీళ్లకది పూటపూటా తప్పని సాధన. నోటి కోరికనే కాదు, "ఒక్క ముక్కకేం కాదులే" అనే మన ప్రేమనూ వాళ్లు దాటాలి. అక్కడే చాలామంది ఓడిపోతారు, లేదా పంక్తికి రావడమే మానేస్తారు.

ఆ వేరే గ్లాసు మన పుట్టుకను చూసి పెట్టారు. ఈ వేరే గరిటె ఆ మనిషి పేగును చూసి పెడుతున్నాం, మన పక్కనే కూర్చుని తినాలని.

వచ్చే పౌర్ణమికి వాళ్ల అన్నం, పప్పు శుభ్రమైన గిన్నెల్లో ముందే తీసి పెట్టండి. జొన్నపిండి గోధుమలు ఆడే మరలో పట్టించకండి. మైత్రి అంటే ఇదే.

నమో బుద్ధాయ!