ముఖానికి మందు రాసుకోవడం ధమ్మానికి విరుద్ధమా?



ఈసారి తీసుకున్న విషయం చిన్నదిగా కనిపిస్తది. మొటిమలు. "ధమ్మం పుస్తకంల మొటిమల ముచ్చటేంది?" అని కొందరు నవ్వుకోవచ్చు. కానీ సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో మనం పెట్టుకునే సమావేశాల్లో ఈ ప్రశ్న రెండు మూడు సార్లు వచ్చింది. ఒక పెద్దాయన అడిగిండు: "శరీరం అనిత్యం అని మీరే చెప్తరు. మరి ముఖానికి రోజూ మందు పూసుకునుడు తృష్ణ కాదా అమ్మా?" ఇంటర్ చదివే ఒక పిల్ల అందరూ పోయినంక మెల్లగ అడిగింది: "అక్కా, బుద్ధుని బాటల ఉన్నోళ్లు ముఖం గురించి బాధపడొచ్చా?"

ఇద్దరు అడిగింది ఒక్కటే. కానీ పెద్దాయన సిద్ధాంతం అడుగుతున్నడు, ఆ పిల్ల అనుమతి అడుగుతున్నది. ఇద్దరికీ సరిపోయే జవాబు వెతకాలె.

నా అనుభవం

దేన్నైనా పుస్తకంల ఉన్నదని గాని, పెద్దలు చెప్పిండ్రని గాని నమ్మొద్దు, మీ అనుభవంతో పరీక్షించి చూసుకోండి అని బుద్ధుడు కాలాములకు చెప్పిండు. అందుకే ముందు నాకు తెలిసింది చెప్తాను.

నలభై రెండో ఏట నాకు గదవ మీద, దవడల పొంట మొటిమలు మొదలైనయి. పదో తరగతిల రానివి అప్పుడొచ్చినయి. ముట్టుకుంటే నొప్పి, తగ్గితే నల్ల మచ్చ. సూర్యాపేటలో చర్మం డాక్టరుకు చూపించుకున్న. ఆడవాళ్లకు ముప్పై, నలభై దాటినంక కూడా హార్మోన్ల తేడాతో ఇవి రావడం మామూలేనని ఆమె చెప్పింది. చీటీ మీద రెండు జెల్‌లు రాసింది. రాత్రికి అడాపలీన్ 0.1 శాతం. పొద్దునకు క్లిండమైసిన్, బెంజాయిల్ పెరాక్సైడ్ కలిసింది. ముఖం మొత్తానికి కలిపి బఠాణీ గింజంత చాలు, ఎక్కువ పూస్తే తొందరగా తగ్గదు, మంట మాత్రం ఎక్కువైతది అన్నది.

మొదటి రెండు వారాలు మంట, పొట్టు లేవడం. ఎండల పోతే ముఖం చురచురమనేది. నాలుగో వారానికి మొటిమలు తగ్గడం పోయి ఇంకో నాలుగు లేచినయి. డాక్టరు ముందే చెప్పింది కాబట్టి ఆపలేదు. ఎనిమిదో వారంల తేడా తెలిసింది, మూడు నెలలకు ముఖం నెమ్మదించింది. మచ్చలు పోవడానికి ఇంకా టైం పట్టింది. బెంజాయిల్ పెరాక్సైడ్‌కు బట్టల రంగు పోతది. నా నీలం కండువా అంచు మీద తెల్లటి మరకలు ఇప్పటికీ ఉన్నయి.

ఈ మూడు నెలల్ల నాకు బాగా అర్థమైంది వేదన గురించి బుద్ధుడు చెప్పిన మాట. సంయుత్త నికాయంల బాణం పోలిక ఒకటి ఉన్నది. తెలివిలేని మనిషికి ఒక బాణం తగిలితే, ఆ నొప్పికి ఏడ్చి, కుమిలి, తానే రెండో బాణం గుచ్చుకున్నట్టు చేసుకుంటడు. జెల్ మంట మొదటి బాణం. అది పది నిమిషాలల్ల పోతది. "మీటింగుల అందరూ నా గదవనే చూస్తున్నరు" అనేది రెండో బాణం. అది రోజంతా ఉంటది. మొదటి దానికి మందు ఉన్నది. రెండో దానికి స్మృతి, అంటే ఎరుక, ఒక్కటే దారి. ఒకటి ఇంకొకదాని పని చెయ్యదు. ధ్యానం చేస్తే మొటిమ తగ్గదు. జెల్ పూస్తే సిగ్గు తగ్గదు.

మురికి అనే మాట

అయితే ఆ ఇంటర్ పిల్లకు తగిలిన రెండో బాణం ఆమె గుచ్చుకున్నది కాదు. లోకం గుచ్చింది. తోటి పిల్లలు "మీ వాడల నీళ్లు రావా? ముఖం కడుక్కోవా?" అన్నరట. ఆ మాట పడ్డ కాడినుంచి ఆమె రోజుకు ఏడెనిమిది సార్లు సబ్బు పెట్టి ముఖం రుద్దుకుంటున్నది. చర్మం ఎండిపోయి, పగిలి, ఇంకా ఎర్రబడ్డది.

ఆ మాటల మొటిమ లేదు, కులం ఉన్నది. మనల్ని మురికి అనడం వేల ఏండ్ల అలవాటు. ఒక మొటిమ కనబడితే ఆ పాత మాటకు కొత్త సాక్ష్యం దొరికిందని సంబరపడే సమాజం ఇది. కాబట్టి మొటిమ ఎందుకు వస్తదో తెలుసుకోవడం మన పిల్లలకు ఆత్మగౌరవ విషయం.

చర్మం కింద నూనె గ్రంథులు ఉంటయి. వయసు వచ్చినప్పుడు హార్మోన్ల వల్ల నూనె ఎక్కువ ఊరుతది. వెంట్రుక కుదురు లోపల చనిపోయిన కణాలు పేరుకొని రంధ్రం మూసుకపోతది. లోపల ఆగిన నూనెల క్యూటీబ్యాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి పెరుగుతది. ఒళ్లు దాని మీద పోరాడితే వాపు, ఎరుపు, చీము వస్తయి. ఆ సూక్ష్మజీవి అందరి చర్మం మీదా ఉంటది. పెద్దకులపోళ్ల చర్మం మీద కూడా ఉంటది. పై మురికితో దీనికి సంబంధం లేదు. రోజుకు రెండుసార్లు ముఖం కడుక్కుంటే చాలు. గట్టిగ రుద్దితే రోగం పెరుగుతది.

ఇంట్ల ముసలోళ్లు "పోయిన జన్మల ఏం పాపం చేసినవో" అంటరు. దీనికి బుద్ధుడు నేరుగానే జవాబు చెప్పిండు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలమే అని కొందరు అంటున్నరు, మీరేమంటరు అని మోలియ సీవకుడు అడిగితే, అట్ల అనేటోళ్లు తప్పు చెప్తున్నరు అన్నడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలవడం, రుతువు మారడం, జాగ్రత్త లేని నడవడి, బయటి దెబ్బ అని ఏడు కారణాలు చెప్పి, కర్మను ఎనిమిదో దానిగా మాత్రమే లెక్కపెట్టిండు. బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో పోయిన జన్మ కర్మ సిద్ధాంతాన్ని ఎందుకు కాదన్నడో మనకు తెలుసు. పేదోని బాధకు పేదోన్నే బాధ్యున్ని చేసే సిద్ధాంతం అది. కారణం తెలిస్తే నివారణ ఉంటది. పాపం అంటే ప్రాయశ్చిత్తమే మిగులుతది.

వినయంల ఏమున్నది

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు వద్దాం. వినయ పిటకంల ఈ సంగతి స్పష్టంగ ఉన్నది. కొందరు భిక్షువులు ముఖానికి లేపనాలు పూసుకోవడం, పొడులు అద్దుకోవడం చేస్తుంటే జనం "వీళ్లు సంసారుల లెక్క సోకులు చేసుకుంటున్నరు" అని విమర్శించిండ్రు. బుద్ధుడు దాన్ని నిషేధించిండు. తర్వాత ఒక భిక్షువుకు కంటి జబ్బు వచ్చింది. అప్పుడు, రోగం కారణంగ అయితే ముఖానికి లేపనం పూసుకోవచ్చని అనుమతించిండు. అదే ముఖం, అదే లేపనం. ఒకచోట వద్దు అన్నది, ఇంకోచోట సరే అన్నది.

ఆనందుని ఉపాధ్యాయుడు బేలట్ఠసీసునికి చర్మవ్యాధి వచ్చి, రసి కారి, చీవరం ఒంటికి అతుక్కుపోయేది. అది చూసి బుద్ధుడు మందు పొడులు వాడమన్నడు. దురద, కురుపులు ఉన్నోళ్లు లోపల వేరే గుడ్డ కట్టుకోవచ్చన్నడు. చీవరం, భోజనం, వసతితో పాటు మందును భిక్షువు నాలుగు అవసరాల్లో ఒకటిగా లెక్కపెట్టిండు. మన జిల్లా ఫణిగిరి గుట్ట మీద విహారాల్లో బతికిన భిక్షువులకు కూడా ఒళ్లు ఉండె, రోగాలు ఉండె. అనిత్యం అంటే ఒంటిని పట్టించుకోవద్దని కాదు. మారుతున్నదాన్ని మారుతున్నదిగా చూస్తూ, చెయ్యగలిగిన వైద్యం చెయ్యాలని.

ఇంకో మాట. బీపీ గోలీ వేసుకునే మనిషిని తృష్ణ అని ఎవ్వరం అడగం. మోకాళ్లకు తైలం రాసుకుంటే అడగం. ఆడపిల్ల ముఖానికి మందు రాసుకుంటేనే ఎందుకు అడుగుతున్నం? ఆమె అద్దం ముందు నిలబడితే సోకే అని ముందే తీర్పు ఇచ్చుకున్నం కాబట్టి. మనుషులందరూ సమానమని నమ్ముతానని దీక్ష ప్రతిజ్ఞల్లో చెప్పుకున్నోళ్లం మనం. ఆ సమానత్వం నొప్పికి కూడా వర్తించాలె.

రంగు మందు, రోగం మందు

అట్లని ట్యూబుల ఉన్నదంతా మందే అనుకోవద్దు. మిర్యాలగూడలో ఒక చెల్లె, పెండ్లి సంబంధాలు చూస్తున్నరని, చీటీ లేకుండనే ఒక మెడికల్ షాపుల క్రీము తెచ్చుకున్నది. వారంల ముఖం నున్నగ, తెల్లగ అయింది. ఇంటోళ్లు సంతోషపడ్డరు. నాలుగు నెలలకు బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు తేలినయి, గుంపులు గుంపులుగ మొటిమలు లేచినయి. మానేస్తే ఓర్చుకోలేని మంట. మళ్లీ పూస్తే చల్లబడుతది. మళ్లీ మానితే ఇంకా మంట.

అది స్టెరాయిడ్ క్రీము. బెటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ లాంటి మందులు. డాక్టరు చెప్పిన రోగానికి, చెప్పినన్ని రోజులు వాడితే మంచి మందులే. ముఖం తెల్లబడాలని నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతది, మందు లేకుండ ఉండలేని స్థితికి వస్తది. దేశమంతా ఈ బాధ పెరిగినందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం ఇట్లాంటి స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది. డాక్టరు చీటీ లేకుండ అమ్మొద్దని దాని అర్థం.

తృష్ణ ఎట్లుంటదో తెలుసుకోవాలంటే ఆ క్రీమును చూస్తే చాలు. పూస్తే కొంచెం సుఖం, ఆపితే దుఃఖం, దుఃఖం తీరడానికి మళ్లీ అదే. కానీ ఈ తృష్ణ ఆ చెల్లె మనసుల పుట్టింది కాదు. నలుపు తక్కువ అని చెప్పింది ఎవరు? 2020లో ఒక పేరుమోసిన క్రీము తన పేరుల 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టుకున్నది. డబ్బా మీద పేరు మారింది. మన ఇండ్లల్ల పెండ్లిచూపుల మాట మారిందా? "పిల్ల కొంచెం చామనఛాయ" అని తగ్గించి చెప్పే నోరు మన వాడల్ల కూడా ఉన్నది. మనువును కాల్చినం అంటం, రంగు వర్ణాన్ని ఇంట్లనే దాచుకుంటం.

మందు వెనక మనుషులు

ఇంకో సంగతి కూడా మన పాఠకులకు తెలియాలె. అడాపలీన్ కంటే ముందు వచ్చిన మందు ట్రెటినాయిన్. రెండూ ఒకే జాతివి. ట్రెటినాయిన్‌ను మొటిమలకు మందుగా తెచ్చిన డాక్టరు ఆల్బర్ట్ క్లిగ్‌మన్. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంల హోమ్స్‌బర్గ్ జైలు ఉండేది. 1951 నుంచి 1974 దాకా ఆయన ఆ జైలు ఖైదీల ఒంటి మీద రకరకాల ప్రయోగాలు చేసిండు. ఆ ఖైదీల్లో ఎక్కువ మంది నల్లజాతోళ్లు. చాలామంది విచారణ కూడా పూర్తి కానోళ్లు. కొద్దిపాటి డాలర్లు చేతుల పెట్టిండ్రు, ఏం పూస్తున్నరో సరిగ చెప్పలేదు. ఆ జైలు ప్రయోగాల్లో ఈ మందు కూడా ఉన్నది. 2021లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వైద్య కళాశాల, 2022లో ఫిలడెల్ఫియా నగరం క్షమాపణ చెప్పినయి.

ఇవ్వనిది తీసుకోను అని మనం రెండో శీలం చెప్పుకుంటం. తెలియజేయకుండ, గతిలేని స్థితిలో ఉన్న మనిషి నుంచి తీసుకున్న ఒప్పుకోలు, ఇచ్చినట్టు లెక్క కాదు. మరి ఆ మందు పారెయ్యాలెనా? పారేస్తే ఆ ఖైదీల వీపుల మీది మచ్చలు పోవు. వాడుకుంటే వాళ్లకు బాకీ ఉన్నమని గుర్తుంచుకోవాలె. ఆ బాకీ తీర్చే దారి ఒక్కటే. ఇయ్యాల మన వాడల్లకు మందుల పరీక్షల పేరుతో ఎవరన్న వచ్చి పైసలు చూపి సంతకం అడిగితే, కాగితం మొత్తం మన భాషలో చదివి వినిపించమని అడగాలె.

బాకీ ముందుతరం మీద కూడా ఉంటది. క్లిండమైసిన్ ఒక్కదాన్నే ఇష్టమొచ్చినట్టు పూస్తే సూక్ష్మజీవులు మందుకు లొంగకుండ తయారైతయి. అందుకే దాన్ని బెంజాయిల్ పెరాక్సైడ్‌తో కలిపి ఇస్తరు. నా ముఖం మీద నేను చేసే పని ఎదుటోని రోగానికి కూడా కారణం కావచ్చు. ప్రతీత్య సముత్పాదం అంటే ఇదే.

ఆచరణ

ట్యూబు చేతిల పట్టుకున్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇది రోగానికా, రంగుకా? ఇందుల ఏమున్నదో నాకు తెలుసా, తెలిసినోళ్లు రాసిచ్చిండ్రా? పని అయినంక దీన్ని నేను విడువగలనా? మూడిటికీ సరైన జవాబు ఉంటే నిశ్చింతగ రాసుకోండి. అది ధమ్మానికి విరుద్ధం కాదు. గర్భంతో ఉన్నోళ్లు, గర్భం కోసం చూస్తున్నోళ్లు అడాపలీన్, ట్రెటినాయిన్ లాంటివి వాడొద్దు. ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలె. 2019లో సూర్యాపేటకు, నల్లగొండకు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చినయి. పైసలు లేవని పక్కింటోళ్ల ట్యూబు అడుక్కోకుండ సర్కారు దవాఖానల చూపించుకోవడం మన హక్కు.

పెద్దలకు ఒక విన్నపం. పిల్లల ముఖం మీద ఏమున్నదో నలుగురిలో అనొద్దు. అది సమ్యక్ వాక్కు కాదు. అవసరమైతే పక్కకు పిలిచి, దవాఖానకు తోడు పోండి. రోగికి సేవ చేస్తే నాకు చేసినట్టే అని బుద్ధుడు చెప్పింది ఒంటరిగ, విరేచనాలతో పడి ఉన్న భిక్షువును ఆనందునితో కలిసి కడిగినంక. ఆ కడిగిన చేతులను తలచుకుంటే, మన నోటికి ఏ మాట తగునో మనకే తెలుస్తది.

జై భీమ్. నమో బుద్ధాయ.