పిలిచి పలకనివాళ్లు

1977లో అమెరికావాళ్లు వాయేజర్ నౌకలు రెండింటిని అంతరిక్షంలోకి పంపుతూ, ఒక్కోదానిలో ఒక్కో బంగారుపూత రికార్డు పెట్టారు. ఎప్పటికైనా ఎవరికైనా దొరికితే వింటారని ఆశ. అందులో 55 భాషల పలకరింపులున్నాయి. మన తెలుగూ ఉంది. వాటితోపాటు హంప్‌బ్యాక్ తిమింగలాల పాటా ఉంది. మన నమస్కారమూ, తిమింగలం పాటా గ్రహాలన్నీ దాటి జంటగా వెళ్తున్నాయంటే నాకు భలే ముచ్చటేస్తుంది. కాకపోతే తెలుగు పలికినవారు తెలిసి పలికారు. తిమింగలాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. అడగడానికి భాషేదీ?

అసలు ఆ పాట మన చెవిన పడడమే విచిత్రం. బెర్ముడా దగ్గర ఫ్రాంక్ వాట్లింగ్టన్ అనే ఇంజనీరు అమెరికా నౌకాదళం పనిమీద నీళ్లడుగున మైకులు పెట్టి వింటుంటే వినబడిందట. ఆ టేపులు రోజర్ పెయిన్ అనే శాస్త్రజ్ఞుడి చేతికొచ్చాయి. 1970లో రికార్డుగా విడుదలయ్యాయి. ఇది ఉత్త అరుపు కాదు, వరస తప్పకుండా తిరిగి తిరిగి పాడే పాట అని 1971లో పెయిన్, స్కాట్ మెక్‌వే కలిసి రాశారు. జనం మనసు కరిగింది. వ్యాపారం కోసం తిమింగలాల్ని చంపకూడదన్న కట్టడి 1986 నుంచి అమల్లోకొచ్చింది. పాటొక్కటే కారణమనను గానీ, పాట సాయం చేసింది. మరి పాట రాని జీవాల గతేమిటంటారా? అది వేరే పెద్ద పంచాయితీ.

ఇప్పుడు వినడంతో తృప్తి లేదు, మాట్లాడాలట. 2021 ఆగస్టులో అలాస్కా సముద్రంలో ట్వైన్ అని పేరు పెట్టిన ఆడ తిమింగలానికి, ముందురోజు అక్కడే రికార్డు చేసిన పిలుపొకటి పడవ మీంచి స్పీకరులో వినిపించారు. అది దగ్గరికొచ్చింది. జవాబిచ్చింది. వీళ్లు ఎంత ఆగి పిలిస్తే అదీ అంతే ఆగి పలికింది. ఇరవై నిమిషాల్లో 36 సార్లు పిలిచారు. చివరికది వెళ్లిపోయింది. ఆ పిలుపుకి సరైన అర్థమేమిటో పిలిచినవాళ్లకీ తెలియదు.

ఇది చదివినప్పుడు నాకు మా గుంటూరు పల్లెల్లో గేదెలు గుర్తొచ్చాయి. దూడ చచ్చిపోతే గేదె చేపదు. అప్పుడు చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి, దాని ముందు నిలబెట్టేవాళ్లు. పిచ్చితల్లి దాన్ని నాకుతూ నాకుతూ పాలిచ్చేది. "ఇదేం మోసం అమ్మమ్మా" అంటే, "ఏం చెయ్యమంటావే! పిండకపోతే పొదుగు గట్టిపడి దానికే బాధ. ఇంట్లో పసివాళ్లున్నారు" అనేది. అని, దాని మెడ నిమిరేది. మోసమే. కానీ మోసమని ఆవిడకి తెలుసు. పాలు తీసుకున్నందుకు జనుమూ చిట్టూ పెట్టాలనీ తెలుసు. మిరపచేలో అరక కట్టిన రైతు ఎడ్లని కేకేసినా అంతే. పిలిచినవాడు సాయంత్రానికి కుడితి పెట్టాలి. అందుకే ఆ కేకకి అర్థముంది.

స్పీకరు వెనక ఎవరున్నారు? శాస్త్రజ్ఞులు దుర్మార్గులని కాదు, వాళ్లు దాన్నుంచి చుక్క పాలు పిండుకోలేదు. అయినా గడ్డి దూడే నయమేమో అనిపిస్తుంది నాకు. కనీసం అక్కడ గేదె పక్కన ఒక మనిషి కూర్చునుంది. ఇక్కడ పిలుపొక్కటే ఉంది. "ఎవరూ? ఎక్కడున్నావు?" అని అది అడిగిందేమో, మనమేం చెప్పాం? మళ్లీ అదే పిలుపు.

డొమినికా దగ్గర స్పెర్మ్ తిమింగలాల టకటకలు వేలకొద్దీ కంప్యూటర్లకెక్కించి, వాటిలో అక్షరమాల లాంటిదుందని 2024లో ప్రకటించారు. వినడం వరకూ నాకే అభ్యంతరమూ లేదు. ఎంతైనా వినవచ్చు.

2001 సెప్టెంబరులో న్యూయార్కు మీద దాడి జరిగాక కొన్నాళ్లు ఓడల రాకపోకలు బాగా తగ్గాయి. కెనడా పక్కన ఫండీ అఖాతంలో నీటి అడుగు చప్పుడు పల్చబడింది. అక్కడి రైట్ తిమింగలాల ఒంట్లో ఆందోళన తెలిపే హార్మోన్లు ఆ రోజుల్లో తగ్గినట్టు పరీక్షల్లో తేలింది. వాటితో అప్పుడెవరూ ఒక్క మాటా మాట్లాడలేదు.