లష్కర్ రోజుల లెక్క

సికింద్రాబాద్ జనరల్ బజారులో ఏ దుకాణంలోకి వెళ్లినా గల్లాపెట్టె వెనక గోడకు తెలుగు క్యాలెండర్ ఒకటి వేలాడుతూ కనిపిస్తుంది. ఒక్కో గడిలో పెద్ద అంకె. దాని కింద, కళ్లద్దాలు సర్దుకుంటే తప్ప కనబడనంత చిన్న అక్షరాల్లో తిథి, నక్షత్రం, అవి ఎన్ని గంటల దాకా ఉంటాయో, వర్జ్యం, దుర్ముహూర్తం. అంకె ఎర్రగా ఉంటే సెలవు. మిగిలిన కాస్త ఖాళీలో సరుకు దిగే తేదీ, చెక్కు వేయాల్సిన తేదీ పెన్నుతో రాసి ఉంటాయి. పెద్ద అంకెను నమ్మితే ఒక రోజుకూ మరో రోజుకూ తేడా లేదు, అన్నీ ఇరవై నాలుగు గంటలే. కింది అక్షరాలను నమ్మితే ఏ రెండు రోజులూ ఒకటి కావు. దుకాణం సేటు రెండింటినీ నమ్ముతాడు, ఏ ఇబ్బందీ పడడు.

ఇబ్బందల్లా ఆలోచించేవాడికే. మంచీ చెడూ రోజులోనే ఉన్నాయా, మనుషులు లెక్కగట్టి పెట్టారా?

ఆ బజారుకు దగ్గరలోనే ఉన్న ఉజ్జయినీ మహంకాళి గుడి ఈ ప్రశ్నకు మంచి పరీక్ష. సైన్యంలో డోలీలు మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో ఉండగా ఇక్కడ కలరా ప్రబలిందని, మొక్కు తీర్చుకోవడానికి ఆయన 1815లో తిరిగొచ్చి చెక్క విగ్రహం ప్రతిష్ఠించాడని స్థలచరిత్ర. ఈ గుడిలో జరిగే లష్కర్ బోనాలు 2023లో జూలై 9న వచ్చాయి. 2024లో జూలై 21న, 2025లో జూలై 13న. పైకి చూస్తే పొంతన లేని తేదీలు. పంచాంగం తెరిస్తే మూడూ ఒకటే: ఆషాఢ మాసంలో మూడో ఆదివారం. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులే కాబట్టి ఏటా దాదాపు 11 రోజులు వెనక్కి జరగాలి. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది, అందుకే మరుసటి ఏడు బోనాలు ముందుకు దూకాయి. 2026లో జ్యేష్ఠం రెండుసార్లు వస్తుంది కనక ఆషాఢం మొదలయ్యేసరికే జూలై సగం అవుతుంది.

నెలను చంద్రుడు ఇచ్చాడు. మరి ఆదివారాన్ని? గ్రామదేవతల కొలువుకు ఆదివారం పాత ఆనవాయితీయే. అయితే లష్కర్ అంటేనే దండు, దండుకు ఆదివారం సెలవు. హుస్సేన్ సాగర్‌కు ఈవల కంటోన్మెంటులో ఆదివారం సెలవైతే, ఆవల నిజాం కచేరీలకు శుక్రవారం సెలవు. రెండు పక్కలా పని ఉన్నవాడికి వారంలో రెండు రోజులు ఏదో ఒక తలుపు మూసే ఉండేది. అమ్మవారి ఆదివారం ఆనవాయితీ నుంచి వచ్చిందా, తీరిక నుంచి వచ్చిందా అని ఇప్పుడు విడదీయడం కష్టం. విడదీయాల్సిన అవసరం భక్తులకు ఏనాడూ కలగలేదనే అనిపిస్తుంది.

ఇంకో తమాషా ఉంది. ఆషాఢం శూన్యమాసం. పెళ్లిళ్లు ఉండవు, కొత్త కోడళ్లు పుట్టింటికి వెళ్తారు, కల్యాణ మండపాలు ఖాళీ. అదే నెలలో అమ్మవారికి బోనం ఎత్తుతారు. పెళ్లికి పనికిరాని రోజు దేవతకు ఎలా పనికొచ్చింది? ‘దేనికి మంచిది’ అని అడగకుండా పంచాంగం ఏ రోజునూ మంచిదని అనదు కాబట్టి. ప్రభుత్వ సెలవుల జాబితా ఆ ప్రశ్న అడగదు. లష్కర్ బోనాల మర్నాడు సోమవారం పచ్చి కుండ మీద నిలబడి జోగిని భవిష్యవాణి చెబుతుంది, దాన్నే రంగం అంటారు. గుడి చుట్టూ రోడ్లు కిక్కిరిసిపోతాయి. ఆ రంగం రోజు సాధారణ సెలవు కాదు. బోనాల సెలవు పాతబస్తీలోని లాల్ దర్వాజా బోనాల మర్నాటిది. 2025లో అది జూలై 21. సికింద్రాబాద్ గుమస్తా లెక్కలో రంగం పనిదినమే. సెలవులను ఇచ్చిపుచ్చుకోవచ్చు కూడా: 2024లో జనవరి 1కి సెలవిచ్చిన తెలంగాణ ప్రభుత్వం బదులుగా ఫిబ్రవరి 10, రెండో శనివారాన్ని పనిదినం చేసింది. తిథిని అలా బదులు అడగలేం.

అయినా తిథి లెక్క తగవుల్లేనిదని కాదు. మన సాహిత్యంలో గడువు మీద నడిచిన అతి పెద్ద తగవు విరాటపర్వంలో ఉంది. ఉత్తర గోగ్రహణం వేళ అర్జునుడు గాండీవంతో కనబడగానే, అజ్ఞాతవాసం ముగియకుండానే పాండవులు బయటపడ్డారు, మళ్లీ పన్నెండేళ్లు అడవికి పోవాల్సిందే అంటాడు దుర్యోధనుడు. లెక్క భీష్ముడి దగ్గరికి వస్తుంది. అయిదేళ్లకు రెండు అధిక మాసాలు వస్తాయి, అలా చూస్తే పదమూడేళ్లూ నిండి పైన అయిదు నెలల పన్నెండు రాత్రులు గడిచాయంటాడాయన. అధిక మాసాలను ఏడాదిలోనే కలిపేసేవాడికి గడువు తీరలేదు. విడి నెలలుగా లెక్కించేవాడికి ఎప్పుడో తీరింది. ఈ కూడికల మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. వాళ్లు అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది: లెక్క చెప్పినవాడు కౌరవ సైన్యంలో నిలబడి, ఆ సైన్యానికి ప్రతికూలంగా చెప్పాడు. దుర్యోధనుడి తప్పు కూడికలో లేదు. ఏ పద్ధతిలో లెక్కిస్తే తనకు లాభమో చూసుకున్నాక ఆ పద్ధతి ఎంచుకోవడంలో ఉంది. రోజు పవిత్రత మాట అటుంచి, ధర్మం నిలిచేదీ జారేదీ ఇక్కడే.

ఆధునిక చట్టం చేసిన పని అచ్చంగా ఇదే, తగవు రాకముందే పద్ధతి తేల్చి పెట్టడం. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం ఫలానా తేదీ ‘నుంచి’ అంటే ఆ మొదటి రోజును వదిలేయాలి. పదో సెక్షన్ ప్రకారం గడువు ఆఖరి రోజున కోర్టో ఆఫీసో మూసి ఉంటే, మళ్లీ తెరిచిన రోజున పని చేసినా గడువులో చేసినట్టే. రైలు టికెట్టుకూ ఇదే పోలిక: 2024 నవంబర్ 1 నుంచి రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60కి తగ్గింది, ప్రయాణం రోజు లెక్కలోకి రాదు. జనవరి 12న సికింద్రాబాద్‌లో బండెక్కి సంక్రాంతికి ఊరెళ్లాలంటే నవంబర్ 13 ఉదయాన్నే కూర్చోవాలి.

ఆచారం లెక్క వేరు. అక్కడ మొదటి రోజు కూడా రోజే. మైల పది రోజులంటే మనిషి పోయిన రోజుతో కలిపి. శుక్రవారం శిలువ, మూడో నాడు పునరుత్థానం అన్నప్పుడు సెయింట్ మేరీస్ చర్చిలో ఎవరూ వేళ్లు మడిచి రెండు రోజులేగా అనరు. 2023 వినాయక చవితి తెలంగాణలో సెప్టెంబర్ 18న చేశారు. చవితి ఆ మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక మొదలై మర్నాడు ఒంటిగంటన్నర దాటాక ముగిసింది కనక, 18వ తేదీయా 19వ తేదీయా అని పెద్ద చర్చే నడిచింది. నిమజ్జనం 28న. తీసివేత చేస్తే పది, జనం నోట పదకొండు రోజులు.

లెక్క జారినా ఆచారం సాగుతుందనడానికి సాక్ష్యం కూడా ఇక్కడే ఉంది: సికింద్రాబాద్ ఎంజీ రోడ్డులో 1847 నాటి పార్సీ అగ్ని దేవాలయం. మన దేశపు పార్సీల్లో ఎక్కువమంది పాటించే షహెన్షాహీ లెక్కలో ఏడాదికి 365 రోజులే, లీపు లేదు. నాలుగేళ్లకో రోజు వెనక్కి జరుగుతూ వసంతంలో రావాల్సిన నూతన సంవత్సరం ఆగస్టు నడిమికి చేరింది. రుతువు తప్పిందని వాళ్లు పండుగ మానలేదు.

మళ్లీ నిమజ్జనం దగ్గరికి వస్తే, ఆ 2023 సెప్టెంబర్ 28నే మిలాద్-ఉన్-నబీ కూడా వచ్చింది. నగరంలో ఒక పక్క గణేశ్ నిమజ్జనం, ఇంకో పక్క మిలాద్ ఊరేగింపు, అవే రోడ్లు, అదే పోలీసు బలగం. ముస్లిం పెద్దలు ఊరేగింపును అక్టోబర్ 1కి జరిపారు. మిలాద్ తేదీ మాత్రం మారలేదు. చంద్రుడు ఇచ్చిన రోజు ఏది, నగరం సర్దుకోగల రోజు ఏది అన్న విభజన ఏ గ్రంథమూ చేసిపెట్టలేదు, వాళ్లే కూర్చుని తేల్చుకున్నారు. మరుసటి ఏడు నిమజ్జనం సెప్టెంబర్ 17న, మిలాద్ కూడా ఆ దరిదాపుల్లోనే వస్తే, ఊరేగింపు 19న తీశారు.