ఎదురెదురు పేజీలు

2022లో తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం మొదలైనప్పుడు, పుస్తకాలు రెండు భాషల్లో అచ్చయ్యాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. మంచి ఆలోచనే. కానీ దేవరకొండ వైపు తండా నుంచి హైస్కూలుకొచ్చే పిల్లకు ఇంటి మాట గోర్ బోలి. ఆమెకు రెండు పేజీలూ పరాయివే. "సమజైందా?" అని సారు అడిగితే తలూపుతది.

నన్ను తొలిచే ప్రశ్న ఇది: తెలియకపోవడమూ, తెలిసింది చెప్పలేకపోవడమూ ఒకటేనా? పరీక్ష మాత్రం రెంటికీ ఒకటే సున్నా వేస్తుంది. బోరు ఎన్ని ఫీట్లకు పడ్డదో, ఏ నీళ్లు తాగి నాయనమ్మ నడుము వంగిందో నల్లగొండ పిల్లకు తెలుసు. పాఠంలో 'ఫ్లోరైడ్' అన్న మాట వచ్చినప్పుడు అది నీ ఇంటి సంగతేనని ఎవరూ చెప్పకపోతే, ఆమెకు బట్టీ తప్ప దారి లేదు.

రెండో భాషలో ముచ్చట పెట్టడానికి రెండేళ్లు చాలొచ్చు, ఆ భాషలో చదివి ఆలోచించడానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుందని కెనడాలో జిమ్ కమిన్స్ చెప్పాడు. మొదటి భాషలో గట్టిపడ్డ ఆలోచన రెండోదానికి సాయమొస్తుందని కూడా అన్నాడు. అదే దేశంలో, మాంట్రియల్ దగ్గరి సెయింట్ లాంబర్ట్‌లో 1965లో ఇంగ్లీషు పిల్లలకు ఫ్రెంచిలో చదువు మొదలుపెడితే బాగానే సాగింది. వాళ్ల ఇంటి భాషకు బయట గౌరవం ఉంది మరి. గోర్ బోలికి అది లేదు.

పరాయి భాషలో చదువు మనకు కొత్త కాదు. నిజాం కాలంలో ఉర్దూలో చదివి పైకొచ్చినవాళ్లు లేరా అంటారు. ఉన్నారు. గట్టెక్కినవాళ్లనే గుర్తుపెట్టుకున్నాం, మునిగినవాళ్లను లెక్కపెట్టలేదు.

అయినా ఇంగ్లీషు వద్దనడానికి నాకు నోరు రాదు. తెలుగు గొప్పదని వ్యాసాలు రాసే మావంటివాళ్ల పిల్లలు చదివింది ఇంగ్లీషులోనే. పాలమూరు వలస కూలీ తన బిడ్డకు అదే కోరితే తప్పెట్లయితది? తప్పు ఆయన కోరికలో లేదు. పిల్ల తెలివిని గడప బయటే వదిలి రమ్మనే బడిలో ఉంది.

"నీ మాటలల్లనే చెప్పు బిడ్డా" అని, ఆ జవాబుకు మార్కు వేసినప్పుడే అది చదువు. దాన్ని ఇంగ్లీషులో ఎట్లా చెప్పాలో ఆ తర్వాత నేర్పొచ్చు.