అడవి కాలితే నేరం పిడుగుదేనా?

2023లో కెనడాలో సుమారు 150 లక్షల హెక్టార్ల అడవి కాలిపోయింది. అందులో అత్యధిక భాగానికి నిప్పు పెట్టినవి పిడుగులే. కనుక యిది ప్రకృతి వైపరీత్యమనీ, వైపరీత్యానికి నేరస్థుణ్ణి వెతకడం అవివేకమనీ వాదించేవారున్నారు. ఆ వాదాన్ని నేను అంగీకరించలేను.

కెనడా, రష్యా, స్కాండినేవియాల మీదుగా పరచుకున్న టైగా అడవికి నిప్పు పరాయిది కాదన్నమాట నిజమే. జాక్ పైన్ కాయ గుగ్గిలంతో మూసుకుని వుండి, మంట వేడికి విచ్చుకుని విత్తనం రాలుస్తుంది. నల్ల స్ప్రూస్ కూడా కాలిన నేలమీదనే కొత్త తరాన్ని మొలకెత్తిస్తుంది. కాని మొలిచిన స్ప్రూస్ నిండుగా విత్తనం పట్టడానికి దశాబ్దాలు కావాలి. వేసవులు వేడెక్కి, నాచూ చెత్తా యెండిపోయి, ఆ గడువు లోపలే రెండో మంట వస్తే చల్లడానికి విత్తనమే వుండదు. స్ప్రూస్ పోయి ఆకురాల్చే చెట్లో, పొదలో మిగులుతాయి. పరిమాణంలో మార్పు గుణంలో మార్పు కావడమంటే యిదే గదా! పిడుగు పాతదే. అది పడే నేల మాత్రం పాతది కాదు. ఆ నేలను యెండబెడుతున్న బొగ్గు, చమురు పొగకు యజమానులున్నారు, లాభాలున్నాయి.

అయితే దోషమంతా 'మానవుడి'దందామా? 2016లో అల్బర్టాలోని ఫోర్ట్ మెక్‌మరీకి కార్చిచ్చు వచ్చి, 80 వేలకు పైగా జనం యిళ్ళు విడిచి పోయారు. అది తారుయిసుక నుంచి చమురు తీసే పరిశ్రమ చుట్టూ పెరిగిన పట్టణం. అక్కడి కార్మికుడికి కూడు పెట్టింది ఆ చమురే. అతనికి బాధ్యత బొత్తిగా లేదని నేననను. వోటూ సంఘమూ వున్నవాడికి బాధ్యతా వుంటుంది. కాని యెంత తవ్వాలో నిర్ణయించే అధికారం అతని చేతిలో లేదు. యెవరి అధికారం యెంతో వారి బాధ్యత అంత. 'మానవుడు' అనే మాట యీ తేడాను కప్పిపుచ్చుతుంది.

'సహజం' అనే మాట చేసే పనీ అదే. ఐక్యరాజ్యసమితికి పంపే వాయువుల లెక్కలో కెనడా కార్చిచ్చుల పొగను ప్రకృతి వుపద్రవంగా విడిగా చూపి, మొత్తంలో కలపదు. మనిషి చేతలను ప్రకృతి చేతలనుంచి వేరుచేయడానికేనని సమాధానం. కాని 2023 మంటలు విడిచిన కర్బనం, చైనా, అమెరికా, భారతదేశాలు మినహా యే దేశమూ యేడాదిలో బొగ్గూ చమురూ కాల్చి విడిచేదానికన్నా యెక్కువని 2024లో 'నేచర్' పత్రికలో వెలువడిన పరిశోధన తేల్చింది. ఆకాశానికి రెండు పద్దులు లేవు.

ప్రకృతిలో సహజమేదో చెప్పడం శాస్త్రం పని. ఆ మాటను అడ్డం పెట్టుకుని యెవరు తప్పించుకుంటున్నారో అడగడం మన పని. తరగతిలో టైగా పాఠం చెప్పేవారూ, వినేవారూ రెండూ కలిపి చదవాలి.